జెఫర్సను జాబుల చిట్టా



రాజుల చరిత్రము చెప్పుమన్నచో మనవారు సాధారణముగా యుద్ధములతో ఆరంభింతురు. ఎవరు ఏ కోటను పట్టిరి, ఎవరు ఏ చెరువు త్రవ్వించిరి, ఎవరికి ఏ అగ్రహారము దానము చేసిరి అను విషయములు శాసనములలో దొరకును. కాని పాలకుడు తెల్లవారి లేచినది మొదలు దీపము పెట్టువరకు ఏమి చేసెను, ఎవరి మొర ఆలకించెను, ఎవరి మొర ఆలకింపకపోయెను అను సంగతి శాసనములలో దొరకదు. అట్టి సంగతి దినదినమునకు లెక్కగా దొరకిన పాలకుడొకడు కలడు. ఆతడు మన దేశమువాడు కాడు. అమెరికా సంయుక్త రాష్ట్రములకు మూడవ అధ్యక్షుడైన థామస్ జెఫర్సను. ఆతడు వ్రాసిన జాబులను గూర్చియు, ఆతనికి వచ్చిన జాబులను గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని.

జెఫర్సను 1743లో వర్జీనియా సీమలో జన్మించెను. 1776లో అమెరికావారు ఇంగ్లండు రాజుతో తెగతెంపులు చేసికొన్నప్పుడు వెలువడిన స్వాతంత్ర్య ప్రకటనకు చిత్తుప్రతి వ్రాసినవాడు ఈతడే. తరువాత ఫ్రాన్సు దేశమున రాయబారిగాను, జార్జి వాషింగ్టను కొలువులో విదేశ వ్యవహారముల మంత్రిగాను, జాన్ ఆడమ్సు కాలమున ఉపాధ్యక్షుడుగాను ఉండి, 1801 మొదలు 1809 వరకు అధ్యక్ష పదవి నిర్వహించెను. కాలము గుర్తుండుటకు ఒక మాట చెప్పెదను. మన దత్తమండలములలో మన్రో దొర 1800 మొదలు 1807 వరకు కలెక్టరుగా నుండి, డేరాలలో మకాములు చేయుచు శిస్తు నిర్ణయించిన దినములవి. ఆ దినములలోనే భూగోళమునకు ఆవలి ప్రక్క జెఫర్సను బల్ల యొద్ద కూర్చుండి జాబులు వ్రాయుచుండెను.

ఆతడు తన జీవితకాలమున వ్రాసిన జాబులు సుమారు 19,000 అని పండితుల లెక్క. ఈ లెక్క తెలియుటకు కారణము ఆతడు వ్రాసియుంచిన చిట్టాయే. 1783 నవంబరు 11వ తేదీన ఆతడు ఈ చిట్టా తెరచెను. తాను వ్రాసిన జాబులొక వరుసను, తనకు అందిన జాబులు వేరొక వరుసను ఎక్కించుచు వచ్చెను. అందిన జాబునకు రెండు తేదీలు వేయును. ఒకటి వ్రాసినవారు వ్రాసిన తేదీ, రెండవది తన చేతికి వచ్చిన తేదీ. మన షావుకారులు చిట్టా, ఆవర్జాలు ఎంత శ్రద్ధగా వ్రాయుదురో అంత శ్రద్ధగా ఆతడు సుమారు 43 సంవత్సరములు ఈ పని చేసెను. అది 656 పుటల గ్రంథమయ్యెను. కడపటి పద్దు 1826 జూన్ 25వ తేదీది. అటు తరువాత తొమ్మిదవ దినమున ఆతడు మరణించెను. జాబు నశించినను పద్దు నిలిచియుండుటచేత, నేడు దొరకని జాబులెన్ని కలవో కూడ ఈ చిట్టా చెప్పుచున్నది.

ఆ కాలపు తపాలా పద్ధతి కొంచెము తెలిసికొనవలెను. తపాలా బిళ్లలు అప్పటికి పుట్టలేదు. ఇంగ్లండులో 1840లోను, అమెరికాలో 1847లోను అవి వచ్చినవి. జాబునకు వేరుగా కవరు లేదు. వ్రాసిన కాగితమునే మడిచి, లక్క ముద్ర వేసి, పైన విలాసము వ్రాసెడివారు. కూలి చెల్లించుట సాధారణముగా అందుకొనువాని వంతు. 1799 నాటి శాసనము ననుసరించి ఒక్క కాగితమునకు 40 మైళ్లలోపు 8 సెంట్లు, 500 మైళ్లు దాటినచో 25 సెంట్లు. రెండు కాగితములైనచో కూలి రెండింతలు. కావుననే బీదవారు జాబు రాగా సంతోషించుటకు ముందు మొలలోని డబ్బు చూచుకొనవలసి వచ్చెడిది.

కాని అధ్యక్షునకు ఈ కూలి లేదు. ఆతడు వ్రాసినదియు ఉచితము, ఆతనికి వచ్చినదియు ఉచితము. ఇందువలన ఒక విశేషము కలిగెను. దేశములో కాగితము, కలము కలవాడెవడైనను అధ్యక్షునకు జాబు వ్రాయవచ్చును. ఎవ్వరికిని కాసు ఖర్చు లేదు. పదవి వదలిన తరువాత కూడ ఆ దేశపు శాసనసభవారు జెఫర్సనుకు ఈ హక్కు యావజ్జీవము ఇచ్చిరి. అది గౌరవమే. కాని ఆ గౌరవము ఆతని ముసలితనమున ఎంత బరువైనదో ముందు చెప్పెదను.

వాషింగ్టను పట్టణము అప్పటికి నూతనముగా కట్టుచున్న ఊరు. అధ్యక్ష మందిరములో జెఫర్సను ప్రొద్దు పొడుపునకే లేచి వ్రాతబల్ల యొద్ద కూర్చుండెడివాడు. దినమునకు పది పండ్రెండు గంటలు ఆ బల్ల యొద్దనే గడచెడివి. గుఱ్ఱపు స్వారికిని, భోజనమునకును, కొంచెము విశ్రాంతికిని కలిపి నాలుగు గంటలు మిగిలెడివి. ఆతనికి కార్యదర్శి ఒక్కడే. మొదటి కార్యదర్శి మెరివెదర్ లూయిసు. తరువాత పసిఫిక్ మహాసముద్రము వరకు దేశమును పరిశోధించి కీర్తి గడించినవాడు. ఆ ఉద్యోగమునకు వేరొక యువకుని పిలుచుచు 1804లో వ్రాసిన జాబులో, ఇందు వ్రాతపని ఎక్కువ లేదనియు, తన జాబులు తానే వ్రాసికొందుననియు జెఫర్సను తెలిపెను. కార్యదర్శి పని అతిథులను చూచుట, శాసనసభకు కాగితములు కొనిపోవుట మొదలైనవి మాత్రమే.

మంత్రులతో వ్యవహారము కూడ జాబుల మీదనే జరిగెడిది. 1801 నవంబరు 6వ తేదీన ఆతడు మంత్రులందరికి ఒక తాకీదు వ్రాసెను. వాషింగ్టను కాలపు పద్ధతినే తానును అవలంబింతునని అందు తెలిపెను. ఆ పద్ధతి యిట్టిది: అధ్యక్షునకు వచ్చిన రాజకార్యపు జాబులు సంబంధించిన మంత్రికి పోవలెను, మంత్రులకు వచ్చిన జాబులును, వారు వ్రాయదలచిన ప్రత్యుత్తరములును కట్టగట్టి ప్రతిదినము అధ్యక్షుని యొద్దకు రావలెను. చాల జాబులు ఏ మాటయు లేకుండ తిరిగి పోవును, అనగా అంగీకారమైనట్లు. ఎప్పుడైన ఒక ప్రశ్న వ్రాసిన చీటి తోడుగా పోవును. ఈ ఏర్పాటువలన దేశములో ఏ మూల ఏమి జరిగినను అధ్యక్షునకు తెలియును. ఏ మంత్రి ఏమి చేసినను ఆ బాధ్యత అధ్యక్షునిదియు అగును. "నాకు తెలియదు" అని తప్పించుకొనుటకు వీలులేని ఏర్పాటిది.

శాసనసభతో కూడ ఆతడు వ్రాతతోనే మాటలాడెను. ఆతనికి ముందున్న అధ్యక్షులిద్దరును సభకు స్వయముగా పోయి వార్షికోపన్యాసము చేసెడివారు. జెఫర్సను 1801 డిసెంబరులో ఆ ఉపన్యాసమును వ్రాసి పంపెను. ఆ పద్ధతియే 1913 వరకు, అనగా నూరేండ్లకు పైగా, ఆ దేశమున నడచెను.

ఇక ఆతనికి వచ్చిన జాబుల మాట. అన్నిటికంటె ఎక్కువ ఉద్యోగములకై వచ్చిన దరఖాస్తులే. వీనికి ఆతడు జవాబు వ్రాయు ఆచారము లేదు. ఒకరికి వ్రాసినచో అందరికి వ్రాయవలెను. లేదని చెప్పునప్పుడు కారణము చెప్పవలెను. కారణము చెప్పినచో తగవు. కావున ఉద్యోగమిచ్చుటయే జవాబు, ఈయకుండుటయు జవాబే అని ఆతని నియమము. ఇది కఠినముగా తోచును. కాని నోటితో అవుననుచు చేతితో కాదనెడివారికంటె ఇది మేలని నాకు తోచుచున్నది.

తిట్లును వచ్చినవి. ఇంగ్లండు, ఫ్రాన్సుల యుద్ధములో చిక్కుకొనకుండుటకై 1807 డిసెంబరులో అమెరికా ఓడలు పరదేశములకు పోరాదని ఆజ్ఞ అయ్యెను. రేవు పట్టణములలో వ్యాపారము స్తంభించినది, నావికులు పస్తులుండిరి. 1808 ఆగస్టులో బోస్టను పట్టణమునుండి ఒకడు అధ్యక్షునకు జాబు వ్రాసెను. అక్టోబరు 10వ తేదీలోగా ఆ ఆజ్ఞను తీసివేయనిచో నిన్ను కాల్చి చంపుటకు నా స్నేహితులు నలుగురికి 400 డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొంటిని అని ఆ జాబులోని సంగతి. ఇట్టి జాబులను కూడ జెఫర్సను చింపివేయలేదు. పొగడ్తల జాబులతో పాటు వీనిని గూడ కట్టలలో దాచెను. తన్ను తిట్టిన కాగితమును భద్రపరచుటకు కొంత గుండె దిటవు కావలెను. ఆ ఆజ్ఞ 1809 మార్చి 1వ తేదీన, ఆతడు పదవినుండి దిగుటకు మూడు దినములు ముందు రద్దయ్యెను.

జాబు మేలును మోసికొని పోవుననుటకు ఒక దృష్టాంతము చెప్పెదను. మశూచికము పేరు చెప్పగానే ఆ దినములలో లోకమంతయు వణకెడిది. ఇంగ్లండులో జెన్నరు అను వైద్యుడు గోమశూచిక రసముతో టీకాలు వేయు పద్ధతిని 1798లో ప్రకటించెను. బోస్టనులోని వాటర్‌హౌసు అను వైద్యుడు ఆ రసమును తెప్పించి, 1801లో జెఫర్సనుకు తపాలాలో పంపెను. ఎండకాలపు ప్రయాణములో అది చెడిపోయెను. మరల పంపిరి, మరల చెడెను. అప్పుడు జెఫర్సను ఒక ఉపాయము వ్రాసి పంపెను: రసమున్న చిన్న సీసాను నీళ్లు నింపిన పెద్ద సీసాలో ఉంచి పంపుడు, వేడిమి తగులదు అని. ఆ వేసవిలోనే రసము చెడకుండ చేరెను. ఆతడును, ఆతని అల్లుండ్రును, ఇరుగుపొరుగువారును కలిసి సుమారు 200 మందికి టీకాలు వేయించిరి. మన దేశములో మొదటి టీకా బొంబాయిలో 1802 జూన్‌లో ఒక పసిబాలికకు వేయబడెను. రెండు ఖండములలో ఒక్క యేడాది ఎడముతో జరిగిన పనులివి.

ఒక జాబు నూరేండ్లు దాటి న్యాయస్థానమున సాక్ష్యము చెప్పిన కథయు కలదు. కనెక్టికటు రాష్ట్రములోని డాన్‌బరీ ప్రాంతపు బాప్టిస్టులు అచ్చట అల్పసంఖ్యాకులు. వేరొక సంఘమునకు ప్రభుత్వపు అండ యుండెను. తమ మతస్వాతంత్ర్యము ప్రభుత్వము దయతో ఇచ్చిన వరమువలె నున్నదే గాని హక్కువలె లేదని వారు 1801 అక్టోబరులో అధ్యక్షునకు మొర పెట్టుకొనిరి. 1802 జనవరి 1వ తేదీన జెఫర్సను జవాబు వ్రాసెను. మతమునకును ప్రభుత్వమునకును నడుమ గోడ యుండవలెనను ఉపమానము అందు వచ్చినది. ఆ జాబు పంపుటకు ముందు ఇద్దరు సహచరులకు చూపెను. ఉపవాస దినములను ప్రకటించుటను గూర్చిన వాక్యములు కొన్ని తూర్పు రాష్ట్రములవారి మనస్సు నొప్పించునని ఒకరు చెప్పగా వానిని కొట్టివేసెను. 1879లోను, 1947లోను ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమువారు తీర్పులలో ఈ జాబును ఉదాహరించిరి. 1998లో ప్రభుత్వపు నేరపరిశోధన శాఖవారు చిత్తుప్రతిని పరీక్షించి, సిరాతో కొట్టివేసిన వాక్యములను గూడ చదువగలిగిరి. పాలకుడు చెప్పిన మాట ఎంత ముఖ్యమో, చెప్పదలచి మానుకొన్న మాటయు చరిత్రకు అంత ముఖ్యము.

రాజ్యముల ఎల్లలు మార్చిన జాబును మరువరాదు. మిసిసిపీ నది ముఖద్వారమున నున్న న్యూ ఆర్లియన్సు రేవు స్పెయిన్‌వారి చేతినుండి ఫ్రాన్సు చేతికి పోవుచున్నదని తెలిసినప్పుడు, 1802 ఏప్రిల్ 18వ తేదీన జెఫర్సను పారిసులోని తన రాయబారి లివింగ్‌స్టనుకు ఒక జాబు వ్రాసెను. ఆ రేవు ఎవరి చేతిలో నుండునో వారు మాకు సహజ శత్రువులగుదురు. ఫ్రాన్సు దానిని ఆక్రమించినచో మేము ఇంగ్లండు నౌకాబలముతో చేయి కలుపక తప్పదు అని దాని తాత్పర్యము. ఈ జాబును మోసికొనిపోయిన ఫ్రెంచి మిత్రునకు దానిని ముద్ర వేయకుండ ఇచ్చి, చదువుమనెను. రహస్యమును తెరచి పంపుటయే ఇందలి యుక్తి. మరుసటి సంవత్సరము 1803 ఏప్రిల్ 30వ తేదీ ఒప్పందమున ఫ్రాన్సు ఆ రేవునే గాక లూసియానా దేశమంతయు కోటి యేబది లక్షల డాలర్లకు అమ్మివేసెను. ఆ విస్తీర్ణము సుమారు 8,28,000 చదరపు మైళ్లు. ఇది జాబు మహిమ మాత్రమే కాదు. నెపోలియను సేనలు పశ్చిమ ఇండియా దీవులలో తిరుగుబాటుచేతను విషజ్వరములచేతను నశించినవి. ఇంగ్లండుతో మరల యుద్ధము పైబడుచున్నది. కాని తగిన కాలమున తగిన మాట అచ్చట చేరియుండెను. అమ్మకపు వార్త సముద్రము దాటి వాషింగ్టను చేరుటకు మాత్రము రెండు నెలలు పట్టెను.

ఇన్ని జాబులకు నకళ్లెట్లు ఉంచెనని మీరడుగవచ్చును. ఆవిరి యంత్రము కీర్తి పొందిన జేమ్సు వాటు 1780లో ఒక నకలు యంత్రమును గూడ కనిపెట్టెను. ప్రత్యేకమైన సిరాతో వ్రాసిన జాబు మీద తడిపిన పలుచని కాగితముంచి గట్టిగా నొక్కినచో అక్షరములు దానిలోనికి దిగును. వెనుక ప్రక్కనుండి చూచి చదువుకొనవలెను. జెఫర్సను 1785 ప్రాంతమున దీనిని సంపాదించి చాల ఏండ్లు వాడెను. 1804లో అంతకంటె చక్కని సాధనము దొరకెను. ఒక పెట్టెలో రెండు కాగితములు, రెండు కలములు. కలములను సన్నని కడ్డీలతో జతచేసియుందురు. చేతిలోని కలము ఎట్లు కదలునో రెండవ కలము తానుగా అట్లే కదలి నకలు వ్రాయును. హాకిన్సు అనునాతడు దీనిని కనిపెట్టగా, ఫిలడెల్ఫియాలో చిత్రకారుడైన పీలు దొర తయారు చేయించెను. అధ్యక్ష మందిరములో ఒకటి, మాంటిచెల్లో కొండమీది తన ఇంట వేరొకటి పెట్టుకొని, దీనియందలి లోపములను సవరించుటకు పీలుతో మరల జాబుల మీద జాబులు నడపెను.

ఆ చేయి బాగుగా నున్న చేయి కాదు. 1786 సెప్టెంబరులో పారిసు నగరమున పడి ఆతని కుడి మణికట్టు తొలగెను. కొన్ని వారములు ఎడమచేతితో వ్రాసెను. ఆ మణికట్టు మరల పూర్తిగా కుదురలేదు. ముసలితనమున దాని నొప్పి అధికమయ్యెను. 1822 నవంబరులో మెట్లమీద జారి ఎడమచేయి విరిగెను. ఆ రెండు చేతులతోనే కడవరకు వ్రాసెను.

ఇంటివారి జాబులలో ఒకటి చెప్పినచో మీకు నవ్వు వచ్చును. మనుమరాలు ఎలెను ఎనిమిదేండ్ల పిల్ల. తాతకు మూడు వారములకు ఒక జాబు వ్రాయవలెనని ఒప్పందము. 1805 మే నెలలో అధ్యక్షుడుగారు ఆ పిల్లకు బాకీ లెక్క వ్రాసి పంపిరి: రావలసిన జాబులు అయిదు, జమ ఒకటి, నిలువ బాకీ నాలుగు అని! లూసియానా దేశమును బేరమాడిన చేతితోనే ఈ చీటియు వ్రాసెను. అయితే ఇంత భద్రపరచిన మనుష్యుడు 1782లో గతించిన తన భార్యకు వ్రాసిన జాబుగాని, ఆమె ఆతనికి వ్రాసిన జాబుగాని మనకు ఒక్కటియు చిక్కలేదు.

స్నేహితుల మాట చెప్పక మానరాదు. జెఫర్సనుకు ముందు అధ్యక్షుడైన జాన్ ఆడమ్సు ఆతనికి చిరకాల మిత్రుడు. కాని 1800 నాటి ఎన్నికలో వీరిద్దరు ప్రత్యర్థులైరి. ఓడిపోయిన ఆడమ్సు, జెఫర్సను ప్రమాణస్వీకారము చేయుదినమున తెల్లవారకమునుపే పట్టణము విడిచి పోయెను. పదునొకండేండ్లు ఇద్దరికిని మాటలు లేవు. ఇద్దరికిని మిత్రుడైన బెంజమిను రష్షు అను వైద్యుడు ఓర్పుతో రాయబారము నడపెను. 1812 జనవరి 1వ తేదీన ఆడమ్సు ఒక చిన్న జాబు వ్రాసి, ఇంటిలో నేసిన గుడ్డలు రెండు వేరుగా పంపుచున్నానని చమత్కారముగా తెలిపెను. జాబు ముందు చేరెను, మూట చేరలేదు. జెఫర్సను ఆ మాటను నిజమని నమ్మి, వర్జీనియాలో ఇంటింట రాట్నములు, మగ్గములు ఎట్లు నడచుచున్నవో వివరించుచు దీర్ఘమైన జవాబు వ్రాసెను. తరువాత మూట విప్పగా అందున్నవి గుడ్డలు కావు; ఆడమ్సు కుమారుడు రచించిన రెండు సంపుటముల గ్రంథము! ఇట్లు నవ్వుతో మరల మొదలైన స్నేహము 14 ఏండ్లు నిలిచెను. ఆ కాలమున ఇద్దరి నడుమ 158 జాబులు నడచినవి. ఆడమ్సు వ్రాసినవి 109, జెఫర్సను వ్రాసినవి 49. ఈ లెక్క చూచి ఆడమ్సు ఎన్నడును అలుగలేదు. ఇద్దరును 1826 జూలై 4వ తేదీన, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగా ఏబదియేండ్లు నిండిన దినముననే మరణించిరి.

ఇక ఆ గౌరవపు బరువు. పదవి వదలి కొండమీది ఇంట చేరినను జాబులు విడువలేదు. ఎరుగనివారు, గ్రంథకర్తలు, యంత్రములు కనిపెట్టినవారు, సిఫారసులు కోరువారు, వాదములు తీర్చుమనువారు, అందరును వ్రాయుచుండిరి. 1822లో ఆడమ్సుకు వ్రాయుచు, 1820వ సంవత్సరమున తనకు అందిన జాబులను లెక్కింపగా 1,267 అయినవని తెలిపెను. అనగా దినమునకు మూడింటికి మించి. చాలవానికి గ్రంథములు తిరుగవేసి జవాబు వ్రాయవలెను. ఇది బ్రదుకేనా యని అడిగి, చావుతో గాని తన చుట్టు ముగియని తిరుగలి గుఱ్ఱముతో తన్ను పోల్చుకొనెను. మనమైనచో గానుగెద్దు అందుము. మీలో కరణీకము చేసినవారికిని, ఊరి వ్యవహారములు నెత్తిన వేసికొన్నవారికిని ఈ పోలిక వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

ఇంతవరకు విన్నవారికి జెఫర్సను మహానుభావుడని తోచును. కాని ఆతని జాబులే ఆతని మీద చెప్పుచున్న సాక్ష్యమును దాచుట నాకు తగదు. మనుష్యులందరు సమానులుగా సృష్టింపబడిరని వ్రాసిన ఈతడు తన జీవితకాలమున 600 మందికి పైగా బానిసలకు యజమాని. ఆతడు పది పండ్రెండు గంటలు కలము పట్టి కూర్చుండగలిగినది పొలము వారు దున్నుటచేతను, వంట వారు చేయుటచేతను, గుఱ్ఱము వారు కట్టుటచేతనే.

బెంజమిను బానెకరు అను స్వతంత్రుడైన నీగ్రో పండితుడు మేరీలాండులో నుండెను. గ్రహగణితము స్వయముగా నేర్చి పంచాంగము గణించినవాడు. ఆతడు 1791 ఆగస్టు 19వ తేదీన, జెఫర్సను మంత్రిగా నున్నప్పుడు, తన పంచాంగపు వ్రాతప్రతితో ఒక జాబు పంపెను. అందరు సమానులని ప్రకటించిన నీవే నా జాతివారిని దాస్యమున ఉంచుట యెట్లు పొసగునని నిర్భయముగా అడిగెను. జెఫర్సను పదునొకండు దినములకే మర్యాదతో జవాబు వ్రాసి, ఆ పంచాంగమును పారిసు పండితుడు కొండార్సే యొద్దకు పంపితినని తెలిపెను. బాగున్నది. కాని 1809లో వేరొక స్నేహితునకు వ్రాయుచు, బానెకరు బుద్ధి సామాన్యమైనదే యని చులకన చేసెను. ఎదుట ఒక మాట, చాటున ఒక మాట. ఈ రెండవ మాట మనకు తెలిసినది ఎట్లు? ఆతడు ప్రతి కాగితమును దాచుటచేతనే.

1808 నవంబరు 30వ తేదీన ఇంకొక జాబు ఆతనికి వచ్చెను. వ్రాసినవాని పేరు లేదు. పేరుండవలసిన చోట "ఒక బానిస" అని మాత్రమున్నది. 1818 నవంబరులో ఆతని రెండవ ఎస్టేటునుండి హన్నా అను బానిస స్త్రీ పేరిట వచ్చిన జాబొకటి కలదు. ఇల్లును సామానులును క్షేమముగా నున్నవి, మీకు దేహము స్వస్థముగా లేదని విని విచారించితిని అని అందలి విషయము. యజమాని క్షేమమడిగిన ఆ తల్లి క్షేమమును అడిగినవారెవరు?

జెఫర్సను మరణించునప్పటికి అప్పు లక్షా ఏడువేల డాలర్లు దాటెను. వీలునామాలో ఆతడు విడిపించినది అయిదుగురినే. 1827 జనవరిలో మాంటిచెల్లోలో 130 మంది బానిసలను వేలమునకు పెట్టిరి. భార్యాభర్తలను, తల్లిబిడ్డలను వేరుచేసి కొనిపోయిరి. వారిలో ఎందరు ఎవరికి కడపటి మాట చెప్పుకొనిరో ఏ చిట్టాలోను పద్దు లేదు.

ఆతని కడపటి జాబులలో ఒకటి 1826 జూన్ 24వ తేదీన వ్రాసినది, స్వాతంత్ర్య దినోత్సవమునకు రాలేనని వాషింగ్టను పట్టణమువారికి తెలిపినది, గంభీరమైనది. మరునాడు వ్రాసినది ఫ్రాన్సునుండి వచ్చిన ద్రాక్షాసవపు సుంకమును గూర్చి ఒక వర్తకునకు. మహాకార్యమును, చిల్లర వ్యవహారమును ఒకే పుటలో నుండుట జాబుల లక్షణము. ఆతని జాబులను, ఆతనికి వచ్చినవానిని సమగ్రముగా అచ్చువేయు మహాప్రయత్నమున మొదటి సంపుటము 1950లో ప్రిన్‌స్టను విశ్వవిద్యాలయమునుండి వెలువడెను. 2013 నుండి అవి అంతర్జాలమున ఎల్లరకు ఉచితముగా చదువుకొన వీలైనవి.

పెద్దలారా, మీలో పలువురు ఊరివారికి జాబులు వ్రాసిపెట్టినవారు; సైన్యములో నున్న కుమారుని జాబును తల్లికి చదివి వినిపించినవారు; "ఉభయకుశలోపరి" యని కలము పట్టినవారు. మన ఇండ్లలో తీగకు గుచ్చి దూలమునకు వ్రేలాడదీసిన పాత జాబుల కట్టలు ఇంకను అక్కడక్కడ ఉన్నవి. వానిని చెదలకు వదలకుడు, పొయ్యిలో వేయకుడు. తేదీ లేనిదానికి తెలిసినంతలో తేదీ వేయుడు. ఎవరు ఎవరికి వ్రాసిరో వెనుక ప్రక్క వ్రాయుడు. మన గౌరవము పెంచు జాబులను మాత్రమే ఏరి ఉంచుట చరిత్ర కాదు; మనలను నిలదీసినవానిని గూడ ఉంచవలెను. కాగితము మీదికి ఎక్కనివారు మన ఊరిలో ఎవరో కూడ ఒకసారి తలచుకొనుడు. వారు చెప్పగా వినువారుండిన, వ్రాసిపెట్టుటకు ఇంకను ప్రొద్దున్నది.